ఇష్టమైతే తీసుకునే పీరియడ్లు

ఎనిమిదో తరగతిలో చేరిన వారం పది రోజులకి మా హైస్కూల్లో ఒక నోటీసు తిరిగేది. అటెండరు నోటీసు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, మాస్టారు పాఠం ఆపి, చదివి వినిపించి, సంతకం పెట్టి పంపేవారు. 1984 జూన్‌లో మా క్లాసుకి వచ్చిన నోటీసులో ఉన్నవి ఇవీ: తెలుగుతో పాటు సంస్కృతం కూడా చదవాలనుకునేవాళ్ళు కాంపోజిట్‌కి పేర్లివ్వాలి. చేతిపనుల పీరియడ్‌కి లేసు, కుట్టుపని, కొబ్బరిపీచు, తోటపని, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. సైన్సు క్లబ్బులో చేరేవాళ్ళు శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండిపోవాలి. హిందీ ప్రచార సభ పరీక్షలకి కట్టేవాళ్ళు హిందీ టీచరుగారిని కలవాలి.

"ఇంట్లో అడిగి రేపు చెప్పండర్రా" అన్నారు మాస్టారు.

మాది కోనసీమలో ముమ్మిడివరం వైపు ఓ పల్లెటూరు. అప్పటిదాకా చదువు విషయంలో మమ్మల్ని ఎవరూ "నీకేం కావాలి" అని అడగలేదు. లెక్కలు చదవాలి, ఇంగ్లీషు చదవాలి, అంతే. ఆ సాయంత్రం మా ఇంట్లో ఈ నోటీసు మీద పెద్ద చర్చే నడిచింది. "ఆడపిల్లకి సంస్కృతం దేనికిరా, పౌరోహిత్యం చేస్తుందా?" అంది నాయనమ్మ. "లేసు నేను నేర్పుతాను కదే, దానికి బళ్ళో కూర్చోవడం ఎందుకు?" అంది అమ్మ. నాన్నగారు కొబ్బరికాయల లెక్క రాసుకుంటున్నారు. తల ఎత్తకుండానే "అదేం తీసుకుంటానంటే అది తీసుకోనీయండి. నేర్చుకుంటే పోయేదేముంది?" అన్నారు. నేను మూడూ తీసుకున్నాను, హిందీ కూడా కట్టాను. ఈ నలభై ఏళ్ళలో నాకు పనికొచ్చిన చదువులో సగం ఆ కాగితం మీద ఉన్నదే.

కాంపోజిట్ వాళ్ళం పదిమందికి మించి లేము. తెలుగు పీరియడ్లలో కొన్నింటికి మేము విడిపోయి, లైబ్రరీ పక్కన చివరి గదికి వెళ్ళేవాళ్ళం. రెండు బల్లలు, ఒక కుర్చీ, కిటికీ అవతల బాదంచెట్టు. సంస్కృతం మాస్టారు వేదం చదువుకున్న ఇంటినుంచి వచ్చినవారు. కోనసీమలో అలాంటి అగ్రహారాలు చాలానే ఉన్నాయి. మొదటి రోజున మా పేర్లు అడిగి, మాలో ఒక చేపల వేటవాళ్ళ అబ్బాయి వెనకబల్ల చివర నక్కి కూర్చోవడం చూసి, "నువ్విలా రా నాయనా, ముందు కూర్చో. ఇది ఎవరి ఇంటి సొత్తూ కాదు" అన్నారు. తరవాత మూడేళ్ళూ ఆ అబ్బాయి ముందు బల్లమీదే కూర్చున్నాడు.

ముందు రామశబ్దం. ఏడు విభక్తులూ సంబోధనా కలిపితే ఎనిమిది, ఒక్కొక్కదానికి మూడు వచనాలు, మొత్తం ఇరవైనాలుగు రూపాలు. "రామః రామౌ రామాః" అని అందరం కలిసి అంటుంటే పక్క క్లాసులోవాళ్ళు తలుపు దగ్గరికొచ్చి తొంగిచూసేవారు. బట్టీయం అని తీసిపారేసేవాళ్ళు ఉంటారుగానీ, మాస్టారు దాన్ని బట్టీయంలా చెప్పలేదు. ఒక రూపం నోటికొచ్చాక, దానితో వాక్యం చెప్పించేవారు, ఆ వాక్యం మా ఊరి గురించే ఉండాలి. నదికి పోతున్నాం, చెట్టు నుంచి కాయ పడింది, పడవలో ఇద్దరున్నారు. ఇద్దరుంటే వచనం మారిపోతుంది కాబట్టి పడవలో ఎంతమందున్నారో చూసుకుని మరీ చెప్పాలి.

ఆయన చెప్పినవాటిలో నాకు ఎక్కువ నచ్చింది ఛందస్సు. నిజానికి అది తెలుగు వ్యాకరణంలోది, కానీ మా గదిలోకి వచ్చాకే దానికి ప్రాణం వచ్చింది. ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, పదో అక్షరం యతి, పాదానికి ఇరవై అక్షరాలు. చంపకమాలకి న జ భ జ జ జ ర, పదకొండో అక్షరం యతి, ఇరవైయొక్క అక్షరాలు. రెండింటినీ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి గురులఘువులుగా రాసి, "ఏం కనిపిస్తోంది?" అని ఊరుకున్నారు. చాలాసేపు ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఆయన సుద్దముక్కతో ఉత్పలమాల మొదటి గురువుని చెరిపి, అక్కడ రెండు లఘువులు పెట్టారు. మొత్తం చంపకమాల అయిపోయింది! అందుకే ఒక అక్షరం పెరిగింది, అందుకే యతి ఒక అక్షరం వెనక్కి జరిగింది. శార్దూలానికీ మత్తేభానికీ కూడా ఇదే సంబంధం, పంతొమ్మిది ఇరవై అవుతుంది, పదమూడో అక్షరం యతి పద్నాలుగుకి వెళుతుంది. నాలుగు పద్యాల లక్షణాలు విడివిడిగా మోసుకు తిరుగుతున్న మాకు అవి రెండు జంటలని ఆ రోజు తెలిసింది. తరవాత లెక్కల్లోనూ మొక్కల్లోనూ దేన్ని చూసినా "దీనికి జంట ఏది?" అని వెతుక్కునే అలవాటు నాకు అక్కడ పట్టుకుంది.

పక్కనుంచి ఎన్ని అడుగుతున్నా తడబడకుండా పద్యాల్లో జవాబు చెప్పే అవధానం మా జిల్లాలకి కొత్తది కాదు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు 1870లో కడియంలో పుట్టారు, దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు 1872లో భీమవరం దగ్గర యండగండిలో పుట్టారు. గోదావరికి ఆ గట్టొకరు ఈ గట్టొకరు. వాళ్ళ నాటకపద్యాలు మా ఊళ్ళో చదువు రానివాళ్ళ నోట కూడా వినపడేవి, ఎడ్లబండి తోలుకుంటూ రాగం తీసి పాడేవారు. మేము తొమ్మిదిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి అష్టావధానం పెట్టించారు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం, ఇలా ఒక్కొక్కటి ఒక్కో పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న అడిగేవారికి, ఇచ్చారు. పెద్ద అంశాలన్నీ పెద్దవాళ్ళకే. ఘంటాగణనం, అంటే మధ్యమధ్యలో మోగిన గంటలెన్నో అవధాని చివర చెప్పే అంశం, మాత్రం కాంపోజిట్ పిల్లలకి ఇవ్వమని మా మాస్టారు పట్టుబట్టారు, ఆ గంట నా చేతికి వచ్చింది.

అది పూజలో వాడే ఇత్తడి గంట. అవధానిగారు ఒకవైపు నిషిద్ధాక్షరికి అక్షరం తప్పించి అక్షరం చెబుతున్నారు, ఇంకోవైపు అప్రస్తుత ప్రసంగం చేసేవారు వంకాయ కూర గురించి అడిగి ఆయన ధ్యాస మళ్ళించాలని చూస్తున్నారు. ఆ సందులో నేను గంట కొట్టాలి. ఒకసారి ఒకటి, ఒకసారి మూడు, మధ్యలో చాలాసేపు ఏమీ లేకుండా. నా పక్కన కూర్చున్న అమ్మాయి నోటుబుక్కులో గీతలు గీస్తోంది. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పి, గంటల సంఖ్య చెప్పి, నా వైపు తిరిగి "సరేనా అమ్మా?" అన్నారాయన. గీతలు లెక్కపెట్టి "సరేనండి" అన్నాను. అన్ని మాటల మధ్య ఒక మనిషి మనసులో ఒక లెక్క చెదరకుండా నిలబడగలదని కళ్ళతో చూసినదాన్ని కాబట్టి, జ్ఞాపకశక్తి గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా నాకు ఆశ్చర్యం కలగదు. శ్రద్ధ గురించి చెబితే మాత్రం ఇప్పటికీ చెవి ఒగ్గి వింటాను.

హిందీ సంగతి వేరు. 1968 జాతీయ విద్యావిధానంలోని త్రిభాషా సూత్రం పుణ్యమా అని అది అందరికీ ఉంది. కానీ మిగతా సబ్జెక్టుల్లో పాసవ్వాలంటే 35 రావాలి, హిందీకి అన్ని అక్కర్లేదు. అందుకని ఎవరూ పట్టించుకునేవారు కాదు. సభ పరీక్షలు కట్టినవాళ్ళం మాత్రం సాయంత్రం టీచరుగారి ఇంటి వరండాలో చాపలేసుకుని కూర్చునేవాళ్ళం. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ్, మెట్లు మెట్లుగా ఉండేవి. గాంధీజీ 1918లో మద్రాసులో మొదలుపెట్టిన సభ అది. తెలుగునాట ఎందరో ఆడవాళ్ళు ఆ పరీక్షలు రాసే హిందీ పండిట్లయ్యారు, మా టీచరుగారూ అలా వచ్చినవారే. పదిహేడో ఏట పెళ్ళయి, ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ప్రవీణ్ దాకా చదివానని చెప్పేవారు. ప్రాణంలేని వస్తువులన్నిటికీ హిందీలో ఆడా మగా ఏమిటని మేము తెగ గింజుకునేవాళ్ళం. పుస్తకం స్త్రీలింగమట, కాగితం పుంలింగమట. దానికి ఆవిడ సూత్రాలేమీ చెప్పలేదు, "వాక్యంలో పెట్టి పదిసార్లు పలుకు, చెవికి తెలుస్తుంది" అనేవారు. అలాగే తెలిసింది. నేను రాష్ట్రభాష దగ్గర ఆగిపోయాను. మా క్లాసులోనే ఒకమ్మాయి ప్రవీణ్ పూర్తిచేసి, ట్రైనింగయి, ముప్ఫై ఏళ్ళు హిందీ చెప్పింది.

లేసు పీరియడ్ గురించి అమ్మ అన్నది నిజమే, మాలో సగంమందికి సూది పట్టుకోవడం ముందే వచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక అది. నరసాపురం, పాలకొల్లు చుట్టూ పాకి, గోదావరి దాటి మా వైపుకీ వచ్చింది. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగుల మీద ఆడవాళ్ళందరి చేతుల్లోనూ అదే పని. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లినది పట్టుకుపోతాడు, వాడిన దారం లెక్కన కూలి ఇస్తాడు. బళ్ళో లేసు నేర్పిన టీచరుగారు కొత్తగా నేర్పింది డిజైన్లు కాదు, లెక్క. ప్రతి అమ్మాయీ నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసుకోవాలి: దారం ఎంత, అల్లడానికి పట్టిన గంటలెన్ని, ఇంట్లో దానికి వచ్చిన కూలి ఎంత, బజారులో అలాంటిది ఎంతకి అమ్ముతున్నారు. నాలుగో గడి నింపడానికి మా పెదనాన్నగారి అబ్బాయి నరసాపురం వెళ్ళినప్పుడు దుకాణంలో ధర కనుక్కుని వచ్చాడు. ఆ గడి నిండాక మేమందరం మూడో గడి వైపు చూసి ఏమీ మాట్లాడలేదు. ఆ నోటుబుక్కు అమ్మ కూడా చూసింది. ఆ తరవాత ఏజెంటు వచ్చినప్పుడు మా వీధి ఆడవాళ్ళు నలుగురు కలిసి ధర మాట్లాడడం మొదలుపెట్టారు. కొంచెం పెంచాడు కూడాను.

మగపిల్లల్లో కొందరు కొబ్బరిపీచుతో తాడు పేనేవారు. తోటపని వాళ్ళు స్కూలు వెనక చిన్న మడి వేసి వరి నాటారు. మారుటేరులో 1925 నుంచీ వరి పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడినుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, అప్పుడప్పుడే మా చేలల్లోకి వస్తోంది. ఆ మడిలో ఒక పక్క స్వర్ణ, ఒక పక్క పాతరకం వేసి దుబ్బుకి ఎన్ని పిలకలొచ్చాయో చూసేవారు. మడి చూడ్డానికి రైతులు కూడా వచ్చేవారు. వాళ్ళలో నాన్నగారొకరు.

ఇక సైన్సు క్లబ్బు. దీని గురించి ఎంత చెప్పినా నాకు చాలదు.

మా సైన్సు మాస్టారికి ల్యాబులో ఉన్నవి ఒక బీరువా, కొన్ని గాజుకుప్పెలు, ఫార్మలిన్ సీసాలో ఒక పాము, చిలుముపట్టిన త్రాసు. "సామాన్లు లేవని ఏడవకండర్రా, కాలవ ఉంది, సముద్రం ఉంది, చంద్రుడున్నాడు" అనేవారు. ఒక శనివారం పోటూ పాటూ, అదే సముద్రపు ఆటుపోట్ల, పాఠం తీసుకున్నారు. చంద్రుడి ఆకర్షణ, భూమి తిరగడం, అంతా బోర్డు మీద గీశారు. గీశాక, సంస్కృతం క్లాసులో ముందు బల్లమీద కూర్చునే ఆ వేటవాళ్ళ అబ్బాయిని పిలిచి, సుద్దముక్క చేతికిచ్చి, "ఇప్పుడు మీ నాన్న వల ఎప్పుడు వేస్తాడో నువ్వు చెప్పు" అన్నారు.

వాడు కాసేపు బోర్డు వైపే తిరిగి నిలబడ్డాడు. తరవాత మొదలుపెట్టాడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా పైకొస్తుందని, అష్టమినాళ్ళలో నీరు మందంగా ఉంటుందని, ఇవాళ పోటు వచ్చిన వేళకి రేపు రాదని, రోజురోజుకీ దాదాపు రెండు గడియలు వెనక్కి జరుగుతుందని, అందుకే వాళ్ళింట్లో తిథి తెలియకపోతే పని జరగదని. మాస్టారు రెండు గడియల్ని నిమిషాల్లోకి మార్చమన్నారు. గడియకి 24 నిమిషాలు, మొత్తం 48. "పుస్తకం దాదాపు 50 నిమిషాలంటోంది. పుస్తకానికీ వీళ్ళ నాన్నకీ రెండు నిమిషాలే తేడా" అని ఆయన చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. చంద్రుడు రోజూ ఆకాశంలో కొంచెం ముందుకు జరుగుతాడు కాబట్టి భూమి అతన్ని అందుకోవడానికి ఆ కాస్త సమయం పడుతుందని అప్పుడు వివరించారు. ఆ అబ్బాయి అంతటితో ఆగలేదు. సముద్రంలో విలస అనే చేప వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి పులస అవుతుందని, అందుకే ఎర్రనీరు తగిలాకే దానికి ఆ రుచి వస్తుందని చెప్పాడు. పుస్తెలమ్మైనా పులస తినాలనే మాట మా అందరికీ తెలుసు. ఆ చేప గుడ్లు పెట్టడానికి మంచినీటిలోకి వస్తుందన్న సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది.

1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చినప్పుడు మేము పదో తరగతి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నది మధ్య లంకల్లో జనం కట్టుబట్టలతో బయటపడ్డారు, మా స్కూలు గదుల్లో కుటుంబాలు తలదాచుకున్నాయి, పాఠాలు లేవు. నీళ్ళు తీసి, గదులు కడిగి, బడి మళ్ళీ తెరిచాక మాస్టారు మాతో కాలవ నుంచి ఒక గాజుజాడీ నిండా ఎర్రనీళ్ళు తెప్పించి కిటికీలో పెట్టించారు. పక్కనే ఇంకో జాడీ, అందులో ఇండుపగింజ అరగదీసి కలిపాం. మా ఇళ్ళల్లో వానాకాలం బిందెల్లో చేసేదే అది. రెండో జాడీ ముందు తేరుకుంది, మొదటిది ఆలస్యంగా. రెంటి అడుగునా వేలిమందం ఒండ్రు. పై పొర నున్నగా, బంక బంకగా, కింద పొర వేళ్ళ మధ్య గరగరలాడుతూ. బరువైన ఇసక ముందు దిగిందని, తేలికైన బంకమన్ను చివర దిగిందని చూపించి, "ఈ డెల్టా అంతా ఇలా దిగిందే. మీరు నిలబడ్డ నేల ఈ జాడీ అడుగే" అన్నారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, దాని కాలవలు ఈ నీటినీ ఒండ్రునీ చేలకి ఎలా పంచాయో ఆ తరవాత చెప్పారు. అప్పటికి మా ఊళ్ళో కొందరు వరదలో అన్నీ పోగొట్టుకుని ఉన్నారు. నదిని తిట్టనూ లేదు, పొగడనూ లేదు ఆయన, అది ఏం చేస్తుందో చూపించారు.

ఆ డిసెంబరులో కోరంగి తీసుకెళ్ళారు. ఎదుర్లంక దాకా బస్సు, అక్కడ పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటితే యానాం. ఇప్పుడైతే బాలయోగి వారధి మీద నిమిషాల్లో దాటేస్తారు. యానాంలో మా అమ్మ మేనమామగారి ఇంట్లో అందరికీ మజ్జిగలిచ్చారు. ఆ తాతగారు ఫ్రెంచివాళ్ళు ఉండగా వాళ్ళ బడిలో చదువుకున్నవారు. 1954 తరవాత యానాం మన దేశంలో కలిసినా ఆయన ఇంట్లో ఫ్రెంచి పుస్తకాలు అలాగే ఉండేవి. "అఁ, దూ, త్రువా" అని మాచేత అంకెలు చెప్పించారు. వాళ్ళ మనవరాలు బళ్ళో ఫ్రెంచి తీసుకుందట. నది అవతలి గట్టున నాకు సంస్కృతం, ఈ గట్టున దానికి ఫ్రెంచి. ఇద్దరం ఇంట్లో మాట్లాడేది ఒకే గోదావరి తెలుగు. దాన్ని చూసి నాకు ఎంత కుతూహలం కలిగిందో! ఒకరికొకరం మా పద్యాలు అప్పజెప్పుకున్నాం.

కోరంగిలో మడ అడవుల్ని 1978లోనే అభయారణ్యం చేశారు. నావ మీద పాయలోకి వెళ్ళాక, పాటు వేళ కాబట్టి బురద తేలి ఉంది, బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఊపిరి తీసుకోవడానికి వేళ్ళు పైకొచ్చాయని చెబితే ఎవరూ నమ్మలేదు, మాస్టారు ఒకదాన్ని కోసి లోపలి బెండులాంటి భాగం చూపించారు. "తిల్లచెట్టు పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి, దాని జోలికి మాత్రం వెళ్ళకండి" అని హెచ్చరించి, మడచెట్టు కొమ్మ వంచి, "ఆకు నాకి చూడు" అన్నారు నాతో. నాకాను. ఉప్పు. ఎండలో పట్టి చూస్తే ఆకుమీద సన్నని పలుకులు మెరుస్తున్నాయి. వేళ్ళతో ఉప్పునీరు తాగి, ఆకుల్లోంచి ఉప్పుని బయటికి నెట్టేస్తోంది ఆ చెట్టు. ఇంకో పక్క ఉప్పుపొన్న చెట్టుకి కాయలోనే మొలక వచ్చి, ఈటెలాగా కిందకి వేలాడుతోంది. నేల మీద పడి మొలిస్తే పోటు కొట్టుకుపోతుందని, తల్లిచెట్టు మీదే మొలిచి అప్పుడు దిగుతుందిట. నేను తరవాత వృక్షశాస్త్రం ఎందుకు తీసుకున్నావని ఎవరడిగినా ఆ ఆకు సంగతే చెబుతాను.

ఇప్పుడు డిగ్రీ పిల్లలకి ఆ వృక్షశాస్త్రమే చెబుతున్నాను. వాళ్ళలో చాలామంది ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని వస్తారు, నూటికి దగ్గరగా మార్కులూ ఉంటాయి. రామశబ్దం చెప్పమంటే రాదు. మార్కులు బాగా పడతాయని కాలేజీవాళ్ళే తెలుగు మాన్పించి అది ఇప్పించారు. ఒక భాష వదులుకున్నారు, రెండోది రాలేదు. నాకు చాలా బాధగా ఉంటుంది, పిల్లల మీద కోపం లేదు, "నీకేం కావాలి" అని వాళ్ళనెవరూ అడగలేదు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు, శనివారం మధ్యాహ్నం స్లిప్ టెస్టులు. మడ అడవి ఇంటికి ఇరవై కిలోమీటర్లలో ఉన్న పిల్ల కూడా దాన్ని పుస్తకంలో బొమ్మగానే చూసి వస్తోంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు హైస్కూలుకి వెళ్ళాను. సంస్కృతం మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదట, కాంపోజిట్ ఎప్పుడో ఆగిపోయింది. చివరి గది ఇప్పుడు స్టోర్‌రూమ్. హెడ్మాస్టరుగారు మంచి మనిషి, చిన్నవాడు. నెలకి రెండు శనివారాలు మధ్యాహ్నం పూట ఇష్టమున్న పిల్లల్ని కూర్చోబెడితే మేము పాతవాళ్ళం వచ్చి చెబుతామన్నాను. తల్లిదండ్రుల కమిటీలో పెట్టి, ఒప్పించారు. మొక్కలు నేను చూస్తాను. హిందీ ప్రవీణ్ స్నేహితురాలు వస్తానంది. పోటూ పాటూ చెప్పిన అబ్బాయి ఇప్పుడు భైరవపాలెంలో రెండు పడవలకి యజమాని, పిల్లల్ని పాయలోకి తీసుకెళ్ళే బాధ్యత నాది అన్నాడు. లేసుకి మా వదిన ఉంది, నాలుగు గళ్ళ లెక్కతో సహా నేర్పాలని చెప్పాను. ఛందస్సు చెప్పే మనిషే ఇంకా దొరకలేదు. అమలాపురం వైపు వెతుకుతున్నాం.